గోదాన్ చదివాక అర్థమైన మా ఊరి మిత్తి లెక్క

నాయిన దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మ, నేను కలిసి ఆయన సందుగ తెరిచాం. పాసుపుస్తకం, ఎప్పుడో అమ్మేసిన ఎద్దు మెడగంట, నా పదో తరగతి మెమో జిరాక్సు, వాటి కింద రబ్బరు బ్యాండు చుట్టిన ప్రామిసరీ నోట్ల కట్ట. లెక్కపెడితే పదకొండు. పాతవాటిలో రెవెన్యూ స్టాంపు మీద నాయిన వేలిముద్ర ఉంది. రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాక రాసిచ్చినవాటి మీద వంకరటింకర సంతకం. పదకొండింటి వెనకా ‘చెల్లు’ అని రాసి ఉంది. పన్నెండోది మా ఇంట్లో లేదు. అప్పిచ్చిన ఆయన ఇంట్లో ఉంది.

ఇన్ని అప్పులు చేశాడా అని ముందు గుండె ఆగినంత పనైంది. తేదీల వారీగా నేల మీద పరిచి చూస్తే వేరే సంగతి బయటపడింది. నాయిన జీవితం మొత్తంలో ఆ ఇంట్లో చేసినవి మూడే అప్పులు. బోరుకు ఒకటి, తాత ఆపరేషన్‌కు ఒకటి, నా పెళ్లికి ఒకటి. మిగతా నోట్లన్నీ ఆ మూడింటికి పుట్టినవే.

నేను జిల్లా పరిషత్ బడిలో హిందీ చెప్తాను. ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ మాకు ఎం.ఏ.లో పాఠ్యపుస్తకం. అప్పట్లో గైడు చదువుకొని ‘గోదాన్‌లో రైతు జీవన చిత్రణ’ అనే ప్రశ్నకు పేజీలకు పేజీలు రాశాను, మంచి మార్కులు తెచ్చుకున్నాను. హోరి మీద జాలి పడ్డాను కూడా. అయితే హోరి ఎక్కడో అవధ్ ప్రాంతంలో, బ్రిటిష్ వాళ్ల కాలంలో, జమీందారు కింద బతికిన కౌలు రైతు. మా నాయిన మక్తల్ దగ్గర సొంత పట్టా ఉన్న రైతు, నాలుగెకరాల ఆసామి. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలని అప్పుడు తట్టలేదు. నోట్లు నేల మీద పరిచిన రాత్రి ఆ పుస్తకం మళ్లీ తీశాను. ఈసారి పెన్సిలు, కాగితం పక్కన పెట్టుకొని, అప్పు మాట వచ్చిన ప్రతిచోటా అంకెలు రాసుకుంటూ చదివాను.

నవల చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. 1936లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ప్రేమ్‌చంద్ చనిపోయారు. బేలారీ అనే పల్లెలో హోరి అనే చిన్న రైతు. ఇంటి ముందు ఒక ఆవు కట్టేసి ఉండాలని అతని కోరిక. భోలా అనే పశువుల ఆయన దగ్గర ఎనభై రూపాయలకు అరువు మీద ఆవును తెచ్చుకుంటాడు. తమ్ముడు హీరా కళ్లమంటతో దానికి విషం పెడతాడు. అక్కడి నుంచి కష్టం మీద కష్టం. ఎద్దులు పోతాయి, పొలం పోయే పరిస్థితి వస్తుంది, చిన్న బిడ్డను వయసు మళ్లినవాడికి ఇచ్చి రెండొందలు తీసుకోవాల్సి వస్తుంది. చివరికి హోరి మండుటెండలో కంకర తవ్వే కూలిపనిలో వడదెబ్బ తగిలి పడిపోతాడు. పోయేముందు గోదానం చేయించాలంటారు చుట్టూ ఉన్నవాళ్లు. భార్య ధనియా పురికొస పేని అమ్మగా వచ్చిన ఇరవై అణాలు తెచ్చి అతని చల్లబడిన చేతిలో పెడుతుంది. ఇంట్లో ఆవూ లేదు, దూడా లేదు, పైసా లేదు, ఇదే ఈయన గోదానం అని పురోహితుడితో చెప్పి స్పృహ తప్పి పడిపోతుంది.

మొదటిసారి చదివినప్పుడు ఈ చివరి పేజీకే ఏడ్చాను. రెండోసారి నన్ను ఆపింది నవల మొదట్లో వచ్చే ఒక చిన్న పేరా. హోరి తన బాకీలు తలుచుకుంటాడు. మంగరూ సాహ్ దగ్గర ఎద్దు కోసం అరవై రూపాయలు తెచ్చాడు. అయిదేళ్లలో అరవై కట్టాడు. అరవై అలాగే ఉన్నాయి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు దులారీ అనే దుకాణమామె దగ్గర నలభై తెచ్చాడు, అవి దాదాపు నూరయ్యాయి. ఆమె మిత్తి, అంటే వడ్డీ, నెలకు రూపాయికి అణా. రూపాయికి పదహారు అణాలు కాబట్టి, మన లెక్కలో నూటికి నెలకు ఆరుంపావు. ఏడాదికి డెబ్బై అయిదు.

మన దగ్గర మిత్తిని నెల లెక్కనే చెప్పుకుంటాం. నూటికి రెండు అంటాం, మూడు అంటాం. మరీ అవసరపడ్డవాడికి అయిదు. ‘రెండు రూపాయల మిత్తి’ అంటే చెవికి ఎంత చిన్నగా వినపడుతుందో చూడండి. అదే బ్యాంకు మేనేజరు ‘ఏడాదికి 24 శాతం’ అంటే లేచి వచ్చేస్తాం. మా నాయిన బోరుకు తెచ్చిన అప్పు నూటికి రెండు. ఊళ్లో అది ధర్మమిత్తి కిందే లెక్క.

మరి మూడు అప్పులు పన్నెండు నోట్లు ఎలా అయ్యాయి? ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. ప్రామిసరీ నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్టుకు పోకపోతే ఆ నోటు చెల్లకుండా పోతుంది. పాత కాగితాలు పట్టుకొని ఎప్పటికీ వేధించకుండా పెట్టిన గడువు అది. మా ఊళ్లో దానివల్ల జరిగేది ఇది. మూడేళ్లు నిండుతున్నాయనగా అప్పిచ్చినాయన మనిషిని పంపిస్తాడు. ఇద్దరు సాక్షులను పెట్టుకొని అరుగు మీద కూర్చుంటారు. అప్పటిదాకా అయిన మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. పాత దాని వెనక ‘చెల్లు’ అని రాసి తిరిగి ఇచ్చేస్తారు. ఛాయ్ తాగి లేస్తారు. ఆ రోజు నుంచి మిత్తికి మిత్తి మొదలవుతుంది.

లెక్క వేసి చూద్దాం. నూటికి రెండు చొప్పున ఇరవై వేలు తెచ్చి ఒక్క పైసా కట్టలేకపోయాడనుకుందాం. మూడేళ్లకు మిత్తి 14,400. కొత్త నోటు 34,400కు రాస్తారు. ఇంకో మూడేళ్లకు అది 59,168. తొమ్మిదో ఏట 1,01,769. నూటికి మూడయితే తొమ్మిదేళ్లలో అదే ఇరవై వేలు దాదాపు లక్షా ఎనభై వేలు. నాయిన అప్పుడప్పుడూ కట్టాడు కాబట్టి ఇంత కాలేదు. కంది అమ్మిన ఏడు కొంత, వేరుశనగ పండిన ఏడు కొంత. అవన్నీ నోటు వెనక చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. అయినా మిత్తి మీద మిత్తి పెరిగినంత వేగంగా మా చెల్కలో కంది ఎప్పుడూ పెరగలేదు.

దాతాదీన్ బాకీ కూడా ఇట్లాంటిదే. హోరికి ముప్పై రూపాయలిచ్చిన ఈ పురోహితుడు ఎనిమిది తొమ్మిదేళ్ల తర్వాత రెండొందలు కావాలంటాడు. లక్నో నుంచి వచ్చిన హోరి కొడుకు గోబర్ అడ్డం తిరుగుతాడు. నూటికి రూపాయి లెక్కన పదేళ్లకు చూసినా అరవై ఆరే అవుతాయి, డెబ్బై తీసుకో, ఆపైన గవ్వ కూడా ఇవ్వను అంటాడు. లెక్క సరైనదే. దాతాదీన్‌కు కోపమొస్తుంది. బ్రాహ్మణుడి సొమ్ము తిని ఎట్లా బాగుపడతారో చూస్తానంటాడు. అంతే, హోరి పోయి కాళ్లు పట్టుకొని, నేను బతికున్నంతకాలం మీ పైసా పైసా కడతానంటాడు.

ఎం.ఏ. గైడులో దీనికి ‘అంధవిశ్వాసం’ అని పేరు పెట్టారు. అంతటితో వదిలేశారు. నాకు ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. దాతాదీన్ దగ్గర హోరి భూమి కాగితం లేదు, బంగారం లేదు. అయినా ఊళ్లో ఉన్న బాకీలన్నిటిలో అతనిదే గట్టి బాకీ. ఎందుకంటే హోరి దగ్గర భూమికన్నా విలువైనది ఒకటుంది, దానికి హోరి తన పల్లె భాషలో ‘మర్జాద్’ అంటాడు. మనం పరువు అంటాం. దాతాదీన్ కుదువ పెట్టుకున్నది దాన్ని. ఈ నవల నాకు చెప్పిన పెద్ద సంగతి ఇదే. పల్లెలో ఏ అప్పుకైనా అసలు తాకట్టు పరువు. పొలం, పుస్తెలు, నోటు దాని తర్వాతే.

దీన్ని పట్టుకొని చదివితే హోరి చేసిన ‘పిచ్చి పనులు’ ఒక్కొక్కటిగా అర్థమవుతాయి. ఆవును చంపింది తమ్ముడని తెలుసు. దారోగా వచ్చి హీరా ఇల్లు సోదా చేస్తానంటాడు. తమ్ముడి ఇంట్లో పోలీసులు అడుగుపెడితే తన పరువు పోయినట్టేనని హోరి లంచానికి అప్పు చేసి తెస్తాడు. ధనియా ఆ డబ్బు గుంజి నేలకు కొడుతుంది. ఇంట్లో పిల్లలకు తిండి లేదు, నువ్వు ఇజ్జత్ కాపాడుకుంటున్నావా అని ఊరి పెద్దలందరి ముందే అడిగేస్తుంది. నవల మొత్తంలో లెక్క సరిగ్గా చూసే మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఊళ్లో అందరూ ఆమెను గయ్యాళి అంటారు.

తర్వాత వచ్చేది పంచాయితీ. గోబర్ మనసు పడ్డ ఝునియా భోలా కూతురు, విధవ, వేరే కులం. కడుపుతో ఉన్న ఆమెను హోరి ఇంటి ముందు వదిలి గోబర్ పట్నానికి పారిపోతాడు. హోరి, ధనియా ఆ పిల్లను లోపలికి తీసుకుంటారు. అది తప్పని ఊరి పెద్దలు నూరు రూపాయల నగదు, ముప్పై మణుగుల ధాన్యం దండుగ వేస్తారు. హోరి కళ్లంలో ఉన్న ధాన్యాన్ని తన నెత్తి మీదే మోసుకుపోయి పెద్దల ఇంట్లో పోస్తాడు. నగదు కోసం ఇల్లు ఎనభై రూపాయలకు తాకట్టు పెడతాడు. తాకట్టు పెట్టుకున్నది ఎవరు? తీర్పు చెప్పిన పంచుల్లో ఒకడైన ఝింగురీ సింగ్. నేను ఇక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. దండుగ వేసేవాడూ, దండుగ కట్టడానికి అప్పిచ్చేవాడూ ఒకే మనిషి.

మా వైపు దీన్ని ‘తప్పు కట్టడం’ అంటారు. కులపెద్దలు కూర్చుంటారు, తప్పు వేస్తారు, తర్వాత కులానికి అన్నం పెట్టాలి. ఎవరి పిల్ల వేరే కులంవాడితో పోయినా, ఎవరు పెద్దల మాట కాదన్నా. కట్టకపోతే వెలి. వెలి వేస్తే ఏమవుతుందిలే అని టౌన్లో ఉన్నవాళ్లకు అనిపించొచ్చు. ఊళ్లో ఉంటే నాట్లకు బదులుపనికి మనుషులు రారు, ట్రాక్టరు దొరకదు, శవం లేచే దిక్కు ఉండదు, ముఖ్యంగా అప్పు పుట్టదు. అంటే పరువు అనేది ఉత్త గొప్ప కోసం కాదు, రైతుకు అది పనికొచ్చే వస్తువు. రేపు విత్తనాలకు చేబదులు దొరకాలన్నా, పిల్లకు సంబంధం రావాలన్నా అదే పెట్టుబడి. హోరి మూఢుడై దండుగ కట్టలేదు. కట్టకుంటే ఆ ఊళ్లో సేద్యం చేయలేడు కాబట్టి కట్టాడు. కట్టినందుకూ సేద్యం చేయలేని స్థితికే వచ్చాడు.

నా పెళ్లి నోటు చూస్తున్నప్పుడు ఇదంతా గుర్తొచ్చి అమ్మను అడిగాను, అంత ఖర్చు ఎందుకు పెట్టారని. నాకు అప్పటికే ఉద్యోగం ఉంది. నేను వద్దనే అన్నాను.

‘‘ఊరంతా మనల్ని పిలిచింది బిడ్డా, ఇరవై ఏండ్లు అందరిండ్లల్ల తిన్నం. మనం పిలవకుంటే రేపు మీ నాయిన సావుకు ఎవలొస్తరు?’’ అంది అమ్మ.

వచ్చారు. నిజంగానే ఊరంతా వచ్చారు. అప్పిచ్చినాయన అందరికన్నా ముందు వచ్చి, వాకిట్లో కుర్చీలు వేయించాడు, పాడె దగ్గర నిలబడ్డాడు. ఈ మాట రాయకపోతే నేను అబద్ధం చెప్పినట్టే అవుతుంది. మిత్తికిచ్చేవాడిని సినిమాలో విలన్‌లాగా చూపించడం సులువు. అర్ధరాత్రి తాతకు కడుపునొప్పి వస్తే ఏ బ్యాంకూ తలుపు తీయలేదు, ఆయన తీశాడు. షూరిటీ అడగలేదు. నాయిన మొహం చూసి ముప్పై వేలు ఇచ్చాడు. ఆ మొహానికున్న విలువే తాకట్టు అని నాయినకూ నాకూ తెలియదు, అప్పిచ్చినాయనకు తెలుసు.

ప్రేమ్‌చంద్ కూడా ఎవర్నీ ఉత్త చెడ్డవాడిగా వదల్లేదు, ఎవర్నీ ఉత్త మంచివాడిగానూ వదల్లేదు. హోరి ఆవు కోసం భోలాకు రెండో పెళ్లి ఆశ చూపిస్తాడు. తమ్ముళ్లకూ తనకూ ఉమ్మడిగా ఉన్న వెదుళ్లు అమ్మేటప్పుడు తమ్ముళ్లకు తక్కువ ధర చెప్పి మిగుల్చుకోవాలని చూస్తాడు. ఝింగురీ సింగ్ అప్పిచ్చే డబ్బు పట్నంలోని పెద్ద సాహుకారుది, అతను ఏజెంటు మాత్రమే. ఆ పైన ఉన్న జమీందారు రాయ్ సాహెబ్ కూడా పీకల్లోతు అప్పుల్లోనే ఉంటాడు, ఆ బరువు మళ్లీ రైతుల మీదికే దించుతాడు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది గోబర్. నూటికి రూపాయి లెక్క చెప్పి దాతాదీన్‌ను నిలదీసిన ఆ కుర్రవాడే లక్నోలో నాలుగు పైసలు చేతికి రాగానే ఇరుగుపొరుగు ఎక్కా బండ్లవాళ్లకు, చాకలివాళ్లకు మిత్తికి తిప్పడం మొదలుపెడతాడు.

మా ఊళ్లో ఇప్పుడు మిత్తికిచ్చేవాళ్లలో ఒకప్పటి దొరలు లేరు. ఉన్నది ఎరువుల దుకాణాలవాళ్లు, ప్లాట్ల వ్యాపారంలో సంపాదించినవాళ్లు, నాలాంటి ఉద్యోగస్తులు. అవును, టీచర్లు కూడా. పి.ఆర్.సి. (జీతాల సవరణ) బకాయిలు వచ్చినప్పుడు స్టాఫ్‌రూములో వినపడే మాటల్లో ఇదొకటి, ఎక్కడ పెడితే నూటికి రెండు వస్తుందని. జీతం మిగిలినప్పుడు నేను కూడా ఒకసారి ఇచ్చాను. గోబర్ పేజీ చదివాక ఆ డబ్బు మిత్తి లేకుండా వెనక్కి తీసుకున్నాను. ఆ మనిషి ఇంకో చోట నూటికి మూడుకు తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

అప్పు చేతికి వచ్చే ముందే ఎంత తరుగుతుందో చెప్పడానికి నవలలో ఒక నాటకం ఉంది. హోలీ రోజు గోబర్, అతని స్నేహితులు ఊరి పెద్దలను అనుకరిస్తూ ఆడతారు. రైతు పది రూపాయల కాగితం రాసిస్తాడు. ఠాకూరు అయిదు చేతిలో పెడతాడు. ఇవి అయిదే కదా దొరా అంటే, కాదు పది, మళ్లీ లెక్కపెట్టు అంటాడు. నజరానాకు ఒకటి, రాతకూలికి ఒకటి, కాగితానికి ఒకటి, దస్తూరీకి ఒకటి, మిత్తికి ఒకటి. చేతికి అయిదు. మొత్తం పది. జనం పడీ పడీ నవ్వుతారు, పెద్దలు ఆ నవ్వును మనసులో పెట్టుకుంటారు.

దీని ఇప్పటి రూపం టౌన్లలో చిన్న వ్యాపారులకు బాగా తెలుసు. గిరిగిరి. పదివేలకు రాసుకొని ఎనిమిదిన్నర వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. నూరు రోజులకు పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ రెండో రోజు నుంచే అసలు తిరిగి కడుతూ వస్తాం కాబట్టి మొత్తం ఎనిమిదిన్నర వేలు నూరు రోజులూ మన చేతిలో ఉండవు, సగటున అందులో సగమే ఉంటుంది. సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి నూటికి నూరు దాటుతుంది. కూరగాయల బండి పెట్టుకున్నామె ఈ లెక్క చేయలేక కాదు తీసుకునేది. తెల్లారి మార్కెట్లో సరుకు ఎత్తాలంటే ఆ రాత్రికే డబ్బు కావాలి, ఇచ్చేవాడు అతనొక్కడే.

పల్లెల్లో ఇంకోటి ఉంది, పంట దగ్గరే కోత పెట్టడం. పాతకాలంలో నాగు ఉండేది, వానాకాలంలో తిండి గింజలు తెచ్చుకొని పంట రాగానే ఒకటికి ఒకటిన్నర, ఒక్కోచోట రెండింతలు కొలిచేది. ఇప్పుడు గింజలు పోయి విత్తనాలు, మందులు వచ్చాయి. అడ్తి దుకాణంలో, అంటే పంట కొనే కమీషన్ ఏజెంటు దగ్గర, ఉద్దెర తెచ్చుకుంటాం. పంట అదే దుకాణానికి పోవాలి. ధర ఆయన చెప్పిందే, తరుగు ఆయన తీసిందే. హోరి చెరుకు అమ్మిన రోజు చదివితే అడ్తి దుకాణం కళ్లముందు కనపడుతుంది. తూకం అయ్యాక నూట ఇరవై రూపాయలు వచ్చాయి. ఝింగురీ సింగ్ మిల్లు దగ్గరే కూర్చొని తన బాకీ మిత్తితో సహా పట్టుకొని పాతిక చేతిలో పెట్టాడు. బయటికి రాగానే జమీందారు మనిషి నోఖేరాం ఎదురొచ్చాడు. ఆ పాతిక కూడా పోయింది. ఏడాది చెరుకు పండించిన మనిషి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు.

వలస సంగతి మా జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల దగ్గర మట్టి మోసింది మా తాతల తరమే. ఊళ్లో అప్పు తీర్చడానికి పోతారు అని అందరూ అనుకుంటారు. సరిగ్గా చూస్తే వాళ్లు పోయేదే ఇంకో అప్పు మీద. దసరా వెళ్లాక గుంపు మేస్త్రీ వచ్చి జంటకు ఇంత అని అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు అదే రోజు ఊళ్లో బాకీకి పోతుంది. ఆ తర్వాత బొంబాయిలోనో పూణెలోనో ఎన్ని గంటలు పని, కూలి ఎంత అనేది అడగడానికి నోరుండదు, ఎందుకంటే కూలి ముందే తీసుకున్నారు. మేస్త్రీ పక్క ఊరివాడే, తరచుగా అదే కులంవాడు, కాబట్టి మధ్యలో వచ్చేస్తే ఇక్కడ ఇంటి ముందు పంచాయితీ. మళ్లీ పరువే తాకట్టు. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది, అప్పుకు బదులు మనిషిని పనిలో కట్టిపడేయడం నేరం అని అందులో ఉంది. కానీ గొలుసు లేదు, తాళం లేదు, మనుషులు తమంతట తామే బస్సెక్కుతున్నట్టు కనపడుతుంది. నా క్లాసులో దీపావళి తర్వాత ఖాళీ అయ్యే బెంచీలు చూస్తే నాకు మాత్రం ఆ గొలుసు కనపడుతుంది.

ఈ లెక్కలో అందరి మిత్తీ ఒకటి కాదు. హోరికి అప్పయినా పుట్టింది. అదే నవలలో సిలియా అనే దళిత పిల్ల ఉంటుంది, దాతాదీన్ కొడుకు మాతాదీన్‌తో ఉంటూ అతని కళ్లంలో రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఒకరోజు ఆమె తన బాకీ కింద కాస్త ధాన్యం కొలిచి ఇస్తే, నీకు ఇచ్చే హక్కు ఎక్కడిదని మాతాదీన్ గద్దిస్తాడు. పని చేస్తున్నావు, తింటున్నావు, అంతే. ఆమె చాకిరీ ఎవరి నోటు వెనకా జమ కాలేదు. మా ఊళ్లో మాదిగవాడలో ఒక పెద్దాయన, చిన్నప్పుడు తండ్రి అప్పుకు తాను ఆరేళ్లు జీతగాడిగా ఉన్నానని చెప్పేవాడు. ఎంత అప్పు అని అడిగితే తెలియదన్నాడు. నాయినకు పదకొండు నోట్లన్నా ఉన్నాయి, లెక్క అన్యాయమైనా కాగితం మీద ఉంది. ఆయనకు ఆ కాగితం కూడా లేదు.

అప్పటికీ ఇప్పటికీ ఏమీ మారలేదా అంటే మారింది. హోరి చుట్టూ ప్రభుత్వం అంటే దారోగా, పట్వారీ మాత్రమే. ఇప్పుడు బ్యాంకు ఉంది, పంట రుణం ఉంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరాకు నాలుగు వేల చొప్పున మొదటిసారి చెక్కు ఇచ్చారు. నాలుగెకరాలకు పదహారు వేలు. నాయిన ఆ డబ్బు బ్యాంకులో తీసుకున్న రోజే మిత్తి కింద కట్టి వచ్చాడు, నోటు వెనక ఆ తేదీ ఉంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో లక్ష వరకు, 2024లో రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేశారు. అవి బ్యాంకు అప్పులకు. అరుగు మీద రాసుకున్న నోటుకు మాఫీ ఉండదు. అసలు మిత్తి వ్యాపారానికి లైసెన్సు ఉండాలని నిజాం కాలంలోనే, అప్పటి ఫస్లీ సంవత్సరాల లెక్కలో 1349లో చట్టం చేశారు. అంటే గోదాన్ వచ్చిన మూడు నాలుగేళ్లకే. మా ఊళ్లో ఎవరి దగ్గరైనా ఆ లైసెన్సు చూశామా అంటే, అట్లాంటిది ఒకటి ఉంటుందనే ఎవరికీ తెలియదు.

మహిళా సంఘాలు మాత్రం నిజంగా కొంత ఊపిరి ఇచ్చాయి. అమ్మ పుస్తెలతాడు కుదువ నుంచి బయటికి వచ్చింది సంఘం లోనుతోనే. కానీ వాటి వెంటే ప్రైవేటు మైక్రోఫైనాన్సులూ వచ్చాయి. అయిదుగురో పదిమందో ఆడవాళ్లను గుంపు కట్టి అప్పిస్తారు, ఒకరు వారం కిస్తు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. షూరిటీ అక్కర్లేదని ప్రచారం. షూరిటీ ఎందుకు అక్కర్లేదో ఆలోచించండి. కట్టలేనామె ఇంటి ముందు గుంపులోని ఆడవాళ్లే కూర్చుంటారు, ఆమె వదినలు, తోడికోడళ్లు, పక్కింటివాళ్లు. దాతాదీన్ శాపం చేసిన పనే ఇక్కడ ఇరుగుపొరుగు చేస్తారు. ఆ వేధింపులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది. కంప్యూటర్లు పెట్టుకున్న కంపెనీలు కూడా చివరికి మర్జాద్ మీదే వ్యాపారం చేశాయి.

నవలలో పట్నం భాగం మీద నాకు ఇప్పటికీ అంత ఇష్టం లేదు. ప్రొఫెసర్ మెహతా ఉపన్యాసాలు, ముఖ్యంగా ఆడవాళ్లు ఎట్లా ఉండాలో చెప్పేవి, చదువుతుంటే ధనియాను సృష్టించిన చేత్తోనే ఇవి రాశారా అనిపిస్తుంది. రెండుసార్లూ ఆ పేజీలు వేగంగా తిప్పేశాను.

పన్నెండో నోటు సంగతి చెప్పాలి. నాయిన పోయిన రెండు నెలలకు అప్పిచ్చినాయన ఇంటికి బయల్దేరాను. అంతకుముందే తెలిసినవాళ్లను అడిగి కనుక్కున్నాను, చనిపోయినవాళ్ల అప్పు వారసుల మీద పడేది వాళ్లకు దక్కిన ఆస్తి మేరకేనని. సంచిలో ఒక కాగితం కూడా పెట్టుకున్నాను. మొదటి నోటు నుంచి నూటికి రూపాయి చొప్పున, మిత్తికి మిత్తి లేకుండా, నాయిన కట్టినవన్నీ తీసేసి వేసిన లెక్క. ఆ లెక్క ప్రకారం మేం కట్టాల్సింది ఏమీ లేదు, మాకే కొంత రావాలి.

అమ్మ గడప దగ్గర ఆపింది. కాగితం తీసి చూపించాను. చదవడం రాకపోయినా చేత్తో పట్టుకొని చూసింది.

‘‘లెక్క మంచిగనే ఉంటది, నువ్వు సదివినదానివి. మీ నాయిన ఏనాడన్న మిత్తి తక్కువ చెయ్యుమని అడిగిండా? ఆయన మాట పోతది బిడ్డా.’’

గోబర్‌లాగా మాట్లాడాలని పోతున్న నేను అక్కడే నిలబడిపోయాను. హోరి కాళ్లు పట్టుకున్నప్పుడు గోబర్‌కు ఎంత కోపమొచ్చిందో అంత కోపమూ నాకు వచ్చింది. అమ్మతో వాదించలేదు. జీతం మీద బ్యాంకులో పర్సనల్ లోను తీసుకున్నాను. పోయి మొత్తం కట్టాను. ఆయన లెక్క ఒకటికి రెండుసార్లు చేసి, చివరి రెండు నెలల మిత్తి తానే వదిలేశాడు. స్టాంపు మీద ఉన్న నాయిన సంతకం చుట్టూ పెన్నుతో గీత గీసి, వెనక ‘చెల్లు’ అని రాసి, తేదీ వేసి ఇచ్చాడు.

అమ్మ ఆ నోటును మిగతా పదకొండింటి మీద పెట్టింది. పాత రబ్బరు బ్యాండు తెగిపోతే, దూలానికి వేలాడుతున్న పురికొస తెంపి కట్టింది.